మూడు వానాకాలాలు చూసిన స్లాబు

పోసిన మర్నాడు ఏ స్లాబైనా బాగానే ఉంటుంది. పైన మడులు కట్టి నీళ్ళు నింపి, ఇంటివాళ్ళంతా నిచ్చెనెక్కి ఫోటోలు దిగే రోజున మంచి మేస్త్రి పనికీ, ముంచే మేస్త్రి పనికీ తేడా కనిపించదు. ఆ తేడా చెప్పేది వాన. అదీ మొదటి వాన కాదు. మా వరంగల్‌లో ముసురు పట్టి మూడు రోజులు వదలకుండా కురిసినప్పుడు, రెండో ఏడో మూడో ఏడో, పడకగది మూలన చెమ్మ మచ్చ లేస్తుంది. అప్పటికి మేస్త్రి ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది.

నేను ఈ పనిలోకి సెంట్రింగ్ కూలీగా వచ్చాను. షీట్లు మోశాను, కర్రలు నిలబెట్టాను, ఇనుము వంచడం నేర్చుకున్నాను, ఆ తర్వాత తాపీ పట్టాను. ఇప్పుడు గుత్తకు ఇళ్ళు కడుతున్నాను. కాశీబుగ్గ, కరీమాబాద్, వడ్డేపల్లి, హసన్‌పర్తి, కాజీపేట, ఎక్కడ పిలిస్తే అక్కడ. వానాకాలంలో నాకు కొత్త స్లాబుల గురించి కన్నా పాత స్లాబుల గురించి వచ్చే ఫోన్లే ఎక్కువ. 2023 జులై ఆఖరులో మా పక్కనే ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. హనుమకొండ, వరంగల్ కాలనీలు ఎన్నో నీళ్ళలో ఉన్నాయి. వాన తెరిపిచ్చాక ఒక్కో ఇంటికీ వెళ్ళి పైకప్పులు చూశాను. కారుతున్న వాటిలో చాలా ఇళ్ళకు పదేళ్ళు కూడా నిండలేదు. సిమెంటు మంచి కంపెనీదే, ఇనుమూ మంచిదే. ఖర్చుకు వెనకాడి కట్టిన ఇళ్ళు కావు అవి. పని ఎవరి చేతిలో పెట్టాలో చూసుకోవడం దగ్గరే దెబ్బతిన్నారు.

ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు నన్ను అడిగే మొదటి మాట, "ఎస్‌ఎఫ్‌టీకి ఎంత తీసుకుంటవ్ మేస్త్రీ?" అడగడంలో తప్పు లేదు. పైసా పైసా కూడబెట్టి, బ్యాంకులో లోను తీసుకుని, ఊళ్ళో ఉన్న అరెకరం అమ్ముకుని కడతారు. కానీ రేటు అన్న మాటలో ఏమేం ఉన్నాయో ఇద్దరూ ఒకేలా అనుకోరు. లేబరు ఒక్కటేనా, మెటీరియల్‌తో సహానా? సెంట్రింగ్ అందులోనేనా? సజ్జాలు, మెట్లు, పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు దిమ్మె ఎవరి లెక్కలోకి వస్తాయి? కొలత గోడల వరకేనా, సజ్జా అంచు దాకానా? ఇద్దరు మేస్త్రీల రేట్లను పక్కపక్కన పెట్టి చూసే ముందు ఈ ప్రశ్నలన్నిటికీ ఇద్దరి దగ్గరా జవాబు తీసుకోవాలి. నూటికి తొంభై మంది తీసుకోరు. చివరికి తక్కువ చెప్పినవాడే ఎక్కువ వసూలు చేసి పోతాడు.

మరీ తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ తరుగును ఎక్కడో పూడ్చుకోవాలి. ఎక్కడ పూడ్చుకుంటాడో లెక్క చెప్తాను. వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదు అంగుళాల మందంతో, ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్ళలో పోస్తే, బీములు కాక, దాదాపు 95 బస్తాల సిమెంటు పడుతుంది. నాలుగు అంగుళాలకు దిగితే 76 చాలు. పందొమ్మిది బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుక, కంకర మిగిలిపోయాయి. కింద నిలబడి చూసేవాళ్ళకు ఆ అంగుళం ఎక్కడా కనిపించదు. ఎందుకంటే అంచు మాత్రం సరిగ్గా ఐదు అంగుళాలే ఉంచి, గది నడుమ పలచగా పరిచేస్తారు. పోసేటప్పుడు అక్కడక్కడా గుర్తు పెట్టిన కడ్డీ ముక్క గుచ్చి లోతు చూస్తే తెలిసిపోతుంది. ఆ ముక్కను ఇంటాయన చేతికి ముందే ఇచ్చి, "మీరే చూసుకోండి సార్" అనే మేస్త్రి ఉంటే ఆయన్ని వదులుకోవద్దు.

ఇనుములోనూ అంతే. పన్నెండు మీటర్ల పొడవున్న 8 ఎంఎం కడ్డీ 4.74 కిలోలు తూగాలి, 10 ఎంఎం 7.4 కిలోలు, 12 ఎంఎం సుమారు 10.65 కిలోలు. కొద్దిపాటి హెచ్చుతగ్గులను ఐఎస్‌ఐ నిబంధనే ఒప్పుకుంటుంది. నాలుగు కిలోలకు పడిపోయిన 8 ఎంఎం కడ్డీ మాత్రం 8 ఎంఎం కాదు. కడ్డీల లెక్కన కొంటున్నారా, తూకం లెక్కన కొంటున్నారా అన్నది ఇక్కడే తేలుతుంది. లారీ దిగేటప్పుడు ఒక కట్ట విప్పించి రెండు కడ్డీలు తూచి చూడడానికి పది నిమిషాలు పట్టదు. నేను ఏ ఇంటికి ఇనుము దించినా ఇంటివాళ్ళు ఎదురుగా ఉండగానే తూపిస్తాను. అది వాళ్ళ డబ్బు, వాళ్ళ కళ్ళముందే లెక్క తేలాలి.

ఇక డ్రాయింగు. మున్సిపల్ కార్పొరేషన్‌లో అనుమతి కోసం గీయించిన ప్లాను వేరు, ఏ బీములో ఎన్ని కడ్డీలు, ఎంత దూరానికి రింగు అని రాసే స్ట్రక్చరల్ డ్రాయింగు వేరు. మొదటిది చేతిలో ఉంటే రెండోదీ ఉన్నట్టే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువ. "మేస్త్రికి అన్నీ తెల్సు, ఇంజనీరు ఎందుకు, వాని ఫీజు దండుగ" అని నా ముఖం మీదే నన్ను మెచ్చుకుంటూ అంటారు. నాకు ఆ మెప్పు అక్కరలేదు. పన్నెండడుగుల గదికి ఏం వేయాలో నాకు చేతి అలవాటుతో తెలుసు. ఇరవై అడుగుల హాలు నడుమ స్తంభం వద్దంటే, పైన రేపు ఇంకో రెండు అంతస్తులు వేస్తామంటే, అది లెక్క కట్టవలసినవాళ్ళు కట్టాలి. ఇంజనీరు డ్రాయింగు లేకుండా స్లాబు పోయను అన్నందుకు నా చేతిలోంచి పోయిన పనులున్నాయి. పోనివ్వండి. అన్నిటికీ 'అయితది సార్' అనే మేస్త్రి కన్నా, ఒక్కదానికైనా 'కాదు' అన్న మేస్త్రిని నమ్మండి అని నా తమ్ముళ్ళ ఇళ్ళ విషయంలో కూడా చెప్తాను.

మనిషిని ఎంచుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే. ఆయన కట్టిన ఇళ్ళ చిరునామాలు అడగాలి. నిన్నమొన్న రంగులేసి గృహప్రవేశం చేసిన ఇల్లు చూపిస్తానంటాడు. అది వద్దు. కనీసం మూడు వానాకాలాలు చూసిన స్లాబు చూపించమనాలి. చూపించడానికి వెనకాడితే అక్కడితో సరి. చూపిస్తే, వీలైతే వాన పడ్డ మర్నాడు వెళ్ళాలి. హాల్లో కూర్చుని టీ తాగి పైకి చూసి బాగుందంటే సరిపోదు. బాత్రూం పక్కగది పైభాగం చూడాలి, సజ్జా గోడతో కలిసేచోట చూడాలి, ఫ్యాను కొక్కెం చుట్టూ చూడాలి, మెట్ల గది మూలలు చూడాలి. సున్నం తేలినట్టు తెల్లగా పూసిందంటే లోపలి నుంచి నీరు ఊరి ఆరిందని గుర్తు. సన్నగా గీత గీసినట్టు ఎర్రటి చార కనిపిస్తే లోపల ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పెచ్చులు ఊడదీస్తుంది. ఆ తర్వాత పైకెక్కాలి. నీళ్ళు పైపు వైపు పోతున్నాయా, నడుమ ఎక్కడైనా నిలిచి నాచు పట్టిందా చూడాలి. నూటికి ఒక వంతు వాలైనా లేని డాబా మీద నీళ్ళు కదలవు.

ఆ ఇంటి యజమానిని కాదు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళను అడగాలి. ఆయన "మంచిగనే చేసిండు" అనేస్తాడు, మొహమాటం. ఆమెకు ఏ మూల చెమ్మ వస్తుందో, ఏ బీరువా వెనక బట్టలు బూజు పడతాయో తెలుసు. ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. పని అయిపోయి డబ్బంతా ముట్టాక మళ్ళీ పిలిస్తే మేస్త్రి వచ్చాడా? కరీమాబాద్‌లో ఒక పెద్దావిడ తన ఇల్లు కట్టినాయన గురించి నాతో అన్న మాట చెప్పాలి. "ఇల్లు కారింది బిడ్డా, నిజమే. పిలిస్తే వానలనే వచ్చిండు, పైన పాలిథీన్ కప్పి పోయిండు, ఎండలు గొట్టినంక వచ్చి బాగుచేసిండు. మా బిడ్డ ఇల్లు గూడ ఆయనకే ఇచ్చిన." ఆ మేస్త్రి నాకు పోటీదారే. అయినా ఆయన పేరు అడిగినవాళ్ళకు నేనే చెప్తుంటాను.

స్లాబు రోజు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇంటికి సంబంధించిన పనుల్లో మళ్ళీ విప్పి చూడడానికి వీల్లేనిది ఇదొక్కటే. గోడ వంకరైతే కూలగొట్టి కట్టొచ్చు, ప్లాస్టరింగ్ చెక్కేసి మళ్ళీ చేయొచ్చు. కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అందుకే స్లాబు పోసే ముందురోజు సాయంత్రం నాకు ముఖ్యం. ఇనుమంతా కట్టేశాక, కరెంటు పైపులు పరిచాక, ఇంటివాళ్ళనూ ఇంజనీరునూ పైకి పిలుస్తాను. కడ్డీల కింద కవర్ బ్లాకులు ఉన్నాయా? స్లాబుకు కింది వైపు కనీసం 20 ఎంఎం కాంక్రీటు కప్పు ఉండాలి. అది లేకపోతే కడ్డీ షీటును ఆనుకునే ఉండిపోతుంది, సెంట్రింగ్ విప్పినరోజే ఇనుము బయటికి కనిపిస్తుంది. కంకర రాళ్ళు తెచ్చి కడ్డీల కింద దోపే అలవాటు మా దగ్గర ఇంకా పోలేదు. రాయి జారిపోతుంది. సిమెంటు బిళ్ళలు ముందే పోసి, తడిపి, గట్టిపడ్డాక వాడాలి.

అన్నిటికన్నా నేను జాగ్రత్త పడేది సజ్జాలు, బాల్కనీల దగ్గర. గది స్లాబుకు నడుమ భాగంలో బలం కింది ఇనుములో ఉంటుంది. గోడ దాటి బయటికి వచ్చిన బాల్కనీకి బలమంతా పై ఇనుములో ఉంటుంది. కాంక్రీటు తట్టలు మోసే కూలీలు ఆ పై కడ్డీల మీదే నడుస్తారు. పొద్దుటి నుంచి అందరూ నడిచాక పైనున్న కడ్డీ కిందికి దిగిపోతుంది. డ్రాయింగులో అంతా సరిగ్గానే ఉంటుంది, కట్టినప్పుడూ సరిగ్గానే ఉంటుంది, పోసేసరికి మాత్రం ఇనుము చోటు మారింది. కొన్నేళ్ళకు బాల్కనీ గోడతో కలిసే చోట పైన అడ్డంగా చీలిక వస్తుంది. దీనికి మందు తేలికే. వంచిన కడ్డీలతో కుర్చీలు చేసి పై ఇనుము కింద నిలబెట్టాలి, నడవడానికి చెక్కలు పరవాలి. మీరు మాట్లాడుతున్న మేస్త్రిని ఊరికే అడిగి చూడండి. "బాల్కనీ దగ్గర కూలీలు నడవడానికి ఏం చేస్తారు?" ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పినవాడికి పని తెలుసు.

తర్వాత నీళ్ళు. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నిలబడేవాడికి అది పలచగా ఉంటే సుఖం, తట్టలోంచి జారిపోతుంది, పరిచేవాడికి నడుం నొప్పి ఉండదు. మామూలు ఇళ్ళకు పోసే ఎం20 కాంక్రీటుకు, పాళ్ళతో కలిపే పద్ధతిలో, బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్ళు ఉండకూడదని కాంక్రీటుకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. ఆకేరు వాగు ఇసుకైనా, గోదావరి నుంచి వచ్చిన ఇసుకైనా తడిగా ఉంటే అందులోని నీరు కూడా ఈ ముప్పైలోకే వస్తుంది. బక్కెట్లతో ఇష్టమొచ్చినట్టు పోసిన నీళ్ళు ఎండాక తమ చోట సన్నని రంధ్రాలు వదిలిపోతాయి. రేపు వాన నీళ్ళు దిగేది వాటిలోంచే. నేను మిల్లర్ దగ్గర నీళ్ళ డబ్బాకు గీత గీసి ఇస్తాను, దాని దగ్గర నా మనిషిని ఒకరిని పెడతాను. వైబ్రేటర్లు రెండు తెప్పిస్తాను, ఒకటి ఆగితే ఇంకొకటి ఉండాలి. సగం స్లాబు పోశాక వైబ్రేటర్ చెడిపోయి, కర్రతో కుమ్మి అయిందనిపించిన పనులు ఎన్ని చూశానో. అలాంటిచోట కాంక్రీటు కిందిభాగంలో కంకర తేలి బోలుబోలుగా ఉంటుంది. దాని మీద సిమెంటు పాలు పూసి ప్లాస్టరింగ్ చేసేస్తారు.

కాంక్రీటు గట్టిదనం నోటిమాటతో తేలనక్కరలేదు. పోసేటప్పుడే 15 సెంటీమీటర్ల ఇనుప డబ్బాల్లో కొంత నింపి, నీళ్ళలో నానబెట్టి, 28 రోజులకు ఆ క్యూబులను ల్యాబులో నొక్కి చూస్తారు. మనది నిట్ ఉన్న ఊరు, 1959లో ఆర్‌ఈసీగా మొదలైన కాలేజీ. సివిల్ ఇంజనీరింగ్ చదువుకు దేశం నలుమూలల నుంచి పిల్లలు ఇక్కడికి వస్తారు. ఆ గేటుకు కూతవేటు దూరంలో కడుతున్న ఇళ్ళలో కూడా క్యూబులు తీయించేవాళ్ళు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఖర్చు స్లాబు దావత్‌లో కోసే యాట ధరతో పోలిస్తే ఏమంత ఉండదు.

దావత్ అన్నాను కాబట్టి అది కూడా. స్లాబు రోజున కూలీలకు కడుపునిండా మాంసంతో భోజనం పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. మంచి ఆనవాయితీ, అది ఉండాలి. ఎండలో తట్టలు మోసినవాళ్ళ కష్టానికి ఇంటివాళ్ళు చేసే మర్యాద అది. కాకపోతే మధ్యాహ్నం పని నడుమ ఆపి అందరినీ ఒకేసారి తిననిస్తే, పోసిన భాగం ఎండలో బిగుసుకుని, తిరిగి మొదలుపెట్టిన చోట అతుకు పడుతుంది. ఆ అతుకు వెంబడే నీరు దిగుతుంది. మేము వంతులవారీగా తింటాం, లేదా మొత్తం ముగించి కూర్చుంటాం. ముహూర్తం సంగతీ అంతే. పొద్దున్నే ముహూర్తానికి నాలుగు తట్టలు వేసి కొబ్బరికాయ కొట్టడానికి నాకు అభ్యంతరం లేదు. హసన్‌పర్తి వైపు ఒకాయన ఇంజనీరు ఇంకా ఇనుము చూడకముందే, "టైం దాటిపోతుంది, మొదలువెట్టు మేస్త్రీ" అని పట్టుబట్టాడు. మబ్బు కూడా పట్టి ఉంది. "కొబ్బరికాయ కొట్టుండ్రి సార్, దేవుడు ఒప్పుకుంటడు. ఇంజనీరు రాకుంటే మిల్లర్ మాత్రం తిప్ప" అన్నాను. గంటన్నర ఆగాం. ఆయన ఆ గంటన్నరా నాతో మాట్లాడలేదు. ఇంజనీరు వచ్చి మెట్ల దగ్గర రెండు కడ్డీలు అదనంగా వేయించాడు.

స్లాబు పోసిన తర్వాత మేస్త్రికి మోజు తగ్గే కాలం ఒకటి ఉంది, క్యూరింగ్ కాలం. అప్పటికి బిల్లులో పెద్దభాగం చేతికి వచ్చేసి ఉంటుంది, మనసు ఇంకో సైటు మీద ఉంటుంది. వరంగల్ ఎండల్లో, మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో, మడుల్లో పొద్దున నింపిన నీళ్ళు సాయంత్రానికి అడుగంటుతాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు, మంచిదైతే పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు. నీళ్ళు పెట్టే పని ఎవరిదో ముందే రాసుకోవాలి. సెంట్రింగ్ విప్పే తేదీ కూడా. ఆనికలు పదిహేను అడుగుల లోపు ఎడం ఉన్న స్లాబుకు కర్రలు కనీసం ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు రోజులు ఉంచాలి. షీట్లు, జాకీలు రోజు కిరాయికి తెచ్చినవాడికి ప్రతిరోజూ ఖర్చే, అందుకే తొందరపడతాడు. అలాంటి తొందర చూసినప్పుడు ఇంటివాళ్ళు గట్టిగా నిలబడాలి.

అందరివీ స్లాబు ఇళ్ళే కావు. మట్టెవాడ, గిర్మాజీపేటల్లో పాత పెంకుటిళ్ళు ఇంకా ఉన్నాయి. ఏటా వానలకు ముందు పెంకు తిరగేసే మనుషులు ఒకప్పుడు వీధి వీధికీ ఉండేవారు. దూలం చూసి, వాసాలు తట్టి, పగిలిన పెంకు తీసి కొత్తది ఎక్కించి దిగేవారు. ఇప్పుడు కోతులు ఒక పెంకును మిగలనివ్వడం లేదు, తిరగేసే చేతులూ తగ్గిపోయాయి. విసిగిపోయి చాలామంది రేకులకు మారుతున్నారు. నాకు తెలియని పని అది. పాత మొగురం, చెక్క బలం చూడగల వడ్రంగిని పిలిపించుకోండని చెప్తాను. పెంకుటింటిని రేకులకు మార్చమని అడిగితే చెక్కను చూడకుండానే లెక్క చెప్పేవాడు మీకు పనికిరాడు.

రేకుల పనిలో చూడాల్సింది గాలి. మే నెల గాలిదుమారానికి లేచిపోయిన రేకులు పక్కింటి మీద పడి మనుషులు గాయపడ్డ సందర్భాలు మన జిల్లాలో ఏటా ఉంటాయి. రేకు మీద బండరాళ్ళు పెట్టడం ఆపాలి, గాలికి అవి కూడా కిందికి వస్తాయి. బిగింపు గట్టిగా ఉండాలి. స్క్రూ రేకు ఎత్తుగా ఉన్న వరుస మీద, రబ్బరు వాషర్‌తో పడాలి, నీళ్ళు పారే గాడిలో కాదు. రేకు మీద రేకు కనీసం ఆరు అంగుళాలు ఎక్కాలి. రంగు రేకు కొనేటప్పుడు మందం అడగండి, 0.35 ఎంఎంకూ 0.5 ఎంఎంకూ ఉన్న తేడా షాపులో తెలియదు, మీ ఇంటి పైన వడగళ్ళు పడ్డరోజు తెలుస్తుంది. పాత సిమెంటు రేకులు తీసేటప్పుడు వాటిని పొడిగా ఉన్నప్పుడు కోయడం, పగలగొట్టడం చేయనివ్వకండి. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుంది. తడిపి, విరగకుండా దించాలి. పిల్లలను ఆ పూట ఇంకో ఇంటికి పంపండి.

కారుతున్న స్లాబుల దగ్గరికి వస్తే, వాటర్‌ప్రూఫింగ్ అమ్మేవాళ్ళు వీధికొకరు ఉన్నారు. డబ్బా తెరిచి తెల్లరంగు పూసి, పదేళ్ళ గ్యారంటీ కాగితం ఇస్తారు. ఆ గ్యారంటీ కంపెనీది ఎంత, పూసిన మనిషిది ఎంత, ఏ కారణంతో కారినా వర్తిస్తుందా అని చదివితే సగం చోట్ల ఏమీ ఉండదు. నీరు దిగేచోటు ఒకటి, మచ్చ కనిపించేచోటు ఇంకొకటి. పైన నాలుగు గట్లు కట్టి ఒక్కో భాగంలో నీళ్ళు నిలిపి, రెండు రోజులు కింద కాపలా కాస్తే గాని ఎక్కడి నుంచో తేలదు. ఒక్కోసారి స్లాబులో ఏ లోపమూ ఉండదు, పిట్టగోడ అడుగున పగులు ఉంటుంది, లేదా పైపు చుట్టూ సందు. కారణం వెతకకుండా ఎస్‌ఎఫ్‌టీ రేటు చెప్పేవాడిని పంపించేయండి.

ఇంకొకటి చూస్తుంటాను. కారుతోందని ఒకరు పైన మూడు అంగుళాల కాంక్రీటు వేయిస్తారు, దాని మీద ఇంకొకరు టైల్స్ పరిపిస్తారు, పైన రెండు వేల లీటర్ల ట్యాంకు ఎక్కిస్తారు. కింద ఉన్నది ముప్పై ఏళ్ళ నాటి నాలుగంగుళాల స్లాబు. పాలంపేటలో రామప్ప గుడికి ఎప్పుడైనా పనివాళ్ళను తీసుకెళ్ళినప్పుడు నేను చూపించేది పైకప్పు బరువు సంగతే. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. గోడలకు, స్తంభాలకు రాయి వాడారు, పైనున్న విమానానికి మాత్రం నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు చేయించి వాడారు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి వాళ్ళు పైకప్పు మీద ఎంత బరువు పెడుతున్నామో లెక్క వేసుకుని కట్టారు. యునెస్కో 2021లో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించినప్పుడు నేనూ నా పనివాళ్ళూ నిజంగా గర్వపడ్డాం, అది మా వృత్తి పెద్దల పని.

డబ్బు సంగతి. మొత్తంలో సగం ముందే అడిగేవాడికి పని ఇవ్వద్దు, అది మీ సైటుకు కాదు, వాడి పాత సైటు అప్పులకు పోతుంది. ఇందిరమ్మ ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఐదు లక్షలు కూడా ఒకేసారి ఇవ్వరు. పునాది, గోడలు, స్లాబు అంటూ ఒక్కో దశ అయ్యాక చూసి వేస్తారు. సొంత ఇంటికీ అదే పద్ధతి. బయానా కొంచెం, తర్వాత అయిన పనికి అయినంత, చివరి భాగం ఒక వానాకాలం గడిచాక. నేనే నా ఒప్పందాల్లో ఆ చివరి మొత్తాన్ని రాయిస్తాను. స్లాబు మందం, కడ్డీల సైజు, ఎడం, సిమెంటు రకం, క్యూరింగ్ ఎవరిది, విప్పే రోజు, వాన కారితే ఎవరు బాగుచేయాలి, ఇవన్నీ ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలతో ఉండాలి. గొడవ వస్తే ఆ కాగితమే వినియోగదారుల కమిషన్‌లో చెల్లుతుంది. ఇల్లు కట్టి ఇవ్వడం కూడా చట్టం కింద సేవే, లోపం బయటపడ్డ రెండేళ్ళలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. కాగితం లేకపోతే మాట మీద మాట తప్ప ఏమీ నిలబడదు.

కూలీల గురించి కూడా అడగండి. ఆ మేస్త్రి దగ్గర పనిచేసేవాళ్ళకు లేబర్ కార్డులున్నాయా? ఎత్తు మీద పనిచేసేవాళ్ళకు తాడు, టోపీ ఉన్నాయా? శనివారం బట్వాడా సరిగ్గా ఇస్తాడా? చౌరస్తా అడ్డా మీద రోజూ కొత్త మనుషులను తెచ్చుకునేవాడి పనికీ, ఏళ్ళ తరబడి ఒకే జట్టుతో ఉన్నవాడి పనికీ తేడా ఉంటుంది. కూలి ఎగ్గొట్టేవాడు సిమెంటు ఎగ్గొట్టడని ఎవరు చెప్పగలరు? మా జట్టులో ఒడిశా నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. నా పేరు నిలబడ్డది వాళ్ళ చేతుల్లో.

ఇంటివాళ్ళ వైపు కూడా ఒకటి చెప్పాలి. మంచి మేస్త్రి కూడా మిమ్మల్ని చూసుకుంటాడు. ఇసుక సమయానికి తెప్పించనివాళ్ళు, ఇనుము కట్టాక గది మార్చమనేవాళ్ళు, దశ పూర్తయినా డబ్బు ఆపేవాళ్ళు ఉంటారు. అలాంటి సైటులో ఎంత నిజాయితీపరుడికైనా చెయ్యి తడబడుతుంది.

మొన్న వడ్డేపల్లి నుంచి టీచర్లైన భార్యాభర్తలు వచ్చారు. నూట యాభై గజాల జాగా, రెండు గదులు, పైన రేపు ఇంకో అంతస్తు వేయాలని. ఆమె నోట్‌బుక్కులో ప్రశ్నలు రాసుకుని వచ్చింది, రేటు అందులో ఆరోది. నేను పోసిన మూడు పాత స్లాబుల చిరునామాలు ఇచ్చాను, మంచి వాన పడ్డ మర్నాడు చూడమన్నాను. వాళ్ళు కరీమాబాద్ పెద్దావిడ చెప్పిన మేస్త్రితో కూడా మాట్లాడుతున్నారట. మాట్లాడమనే అన్నాను. పునాది తీసేది సంక్రాంతి దాటాకనే కాబట్టి, ఇంజనీరు దగ్గర డ్రాయింగు తెచ్చుకున్నాకే ఎవరన్నది తేల్చుకోమన్నాను.